కోయ డోలు – కొత్త రికార్డు

ఖమ్మము విడిచి కొత్తగూడెము మీదుగా భద్రాచలము పోవు బాటసారికి వేసవి పెండ్లిండ్ల కాలములో ఊరూరను వినవచ్చునది సన్నాయి కాదు, డోలు కాదు. లారీ మీద నెక్కించిన డీజే పెట్టెల మోత. ఆ మోతకు కిటికీ తలుపులు గడగడలాడును. పసిబిడ్డలు ఉలికిపడి లేతురు. పెద్దలు చెవులు మూసికొని కాలము చెడినదని నిట్టూర్తురు. నిట్టూర్చినవారే మరునాడు తమ యింటి పెండ్లికి ఆ పెట్టెలకే బయానా యిత్తురు. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించినప్పుడు ఊరట చెందినవారిలో మేమును ఉన్నామని దాచనక్కరలేదు.

అయితే ఆ మోతను, మేము నేడు ప్రస్తావింపదలచిన సంగీతమును ఒక్క గాట కట్టుట న్యాయము కాదు. మన పట్టణముల యువకులు కొందరు ఒక చిన్న గదిలో కంప్యూటరును, మీటల పలకను పెట్టుకొని ‘డీప్ హౌస్’ అను నొక విధమైన సంగీతమును వినుచున్నారు, కూర్చుచున్నారు. ఇది ఊరేగింపు మోత కాదు. నిమిషమునకు ఇంచుమించు 120 దెబ్బలు. అడుగున గుండెచప్పుడు వలె విడువక సాగు మద్దెల. దానిపై పొగమంచు వలె మెల్లగా పరచుకొను స్వరముల గుంపు. పల్లవి చరణములు సామాన్యముగా నుండవు. ఉన్నను ఒకటి రెండు మాటలు మాత్రమే. ఆరేడు నిమిషములు ఒకే బాణీ తిరిగి తిరిగి వచ్చుచుండును. ఇది యేమి సంగీతమని విసుగుకొను పెద్దలు, ఏకాహమునాడు రాత్రి మూడు జాములు ఒక్క నామమునే పాడుచు తాళము వేసిన భజనగోష్ఠిని తలచుకొన్నచో వారికి కొంత దారి దొరకవచ్చును. ఒకే మాట మరల మరల వచ్చినప్పుడు మాట కరగి నాదము మిగులుట మనకు తెలియని సంగతి కాదు.

ఇట్టి సంగీతము కూర్చువారికి నిత్యమును కొత్త చప్పుడు కావలెను. ఆ వెదకులాటలో మన యువకుల చూపు నేడు కాకున్న రేపు అడవి డోలు మీద పడక మానదు. పడవలె ననియే మా కోరిక. పడినప్పుడు ఏమి జరుగవలెను, ఏమి జరుగరాదు అనునది మా ప్రశ్న. దానికి ముందు ఈ సంగీతపు పుట్టుక కొంత చెప్పవలసి యున్నది. ఏలయన అది తెలిసినచో మన ప్రశ్నకు సగము జవాబు అందులోనే యున్నది.

అమెరికాలోని చికాగో నగరమున 1977లో ‘వేర్‌హౌస్’ అను నొక నాట్యశాల వెలసెను. న్యూయార్కు నుండి వచ్చిన ఫ్రాంకీ నకల్స్ అను నల్లజాతి యువకుడు అక్కడ రాత్రులు రికార్డులు వేయుచుండెను. ఆ శాల పేరిటనే ఈ సంగీతమునకు ‘హౌస్’ అను పేరు వచ్చెనని సాధారణముగా చెప్పుదురు. అక్కడికి వచ్చువారు తెల్లవారి విలాసశాలలలో ఆదరణ లేనివారు, తమ యిండ్లలోనే చోటులేనివారు. ఆ నగరముననే 1979 జూలై 12వ తేదీన ఒక క్రీడాంగణములో జనము గుమిగూడి డిస్కో రికార్డులను పోగుపెట్టి పేల్చివేసిరి. డిస్కో నచ్చకపోవుట వేరు, రికార్డులను దగ్ధము చేయుట వేరు. ఆ మంటలో తమ పాట కాలుచున్నదని నల్లవారు గ్రహించిరి. పెద్ద కంపెనీలు డిస్కోను విడిచిపెట్టిన తరువాత, చౌకగా దొరకిన యంత్రములతో, ఇండ్ల గదులలో, ఆ పిల్లలే మరల తమ నాట్యసంగీతమును కూర్చుకొనిరి.

అందులో లారీ హెర్డ్ అనునతడు మొదట డ్రమ్ము వాయించువాడు. చేతితో తాళము తెలిసినవాడు గనుక యంత్రపు తాళమున కూడ ఊపిరి నిలుపగలిగెను. 1986లో అతడు వెలువరించిన ‘కెన్ యూ ఫీల్ ఇట్’ అను తునకను డీప్ హౌస్‌కు మూలములలో నొకటిగా నేటికిని లెక్కింతురు. దానిని అచ్చువేసినది ట్రాక్స్ అను చికాగో కంపెనీ. రికార్డు దేశదేశములకు పోయెను. కాని తమకు రావలసిన పైకము రాలేదని లారీ హెర్డు, గాయకుడు రాబర్టు ఓవెన్సు ఆ కంపెనీపై 2020లో దావా వేయవలసి వచ్చెను. 2022లో రాజీ కుదిరి వారి పాటల హక్కులు వారికి తిరిగి వచ్చెను. 1986 ఎక్కడ, 2022 ఎక్కడ! చదువుకొన్నవాడు, నగరవాసి, వకీలును పెట్టుకొనగలవాడు – అట్టివానికే ముప్పదియారు సంవత్సరములు పట్టినది. ఇక గోదావరి గట్టున డోలు వాయించు ముదుసలి మాట చెప్పవలెనా?

మన దేశమునకు ఈ విద్య కొత్తది కాదనుటకు ఒక విచిత్రమైన నిదర్శన మున్నది. చికాగో పిల్లలు ఇంకను ప్రయోగములు చేయుచున్న 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అను సినిమా వాద్యగాడు జపాను దేశపు తాళయంత్రములను తెచ్చి, వాటిపై తోడి, యమన్, మాల్‌కౌంస్ మొదలగు పది రాగములను డిస్కో తాళమునకు అమర్చి యొక రికార్డు విడుదల చేసెను. మనవారు దానిని కొనలేదు, వినలేదు, మరచిరి. 2010లో పాశ్చాత్యులు దానిని మరల అచ్చువేసి, అయిదేండ్ల తరువాత తమ దేశములలో పుట్టిన సంగీతము ఈ బొంబాయివాని చేతిలో ముందే యెట్లు పలికినదని ముక్కున వేలు వేసికొనిరి. కొందరు నమ్మక, ఇది నేటివారు చేసిన మోసమేమో యనికూడ అనుమానించిరట! చరణ్‌జిత్ సింగ్ 2015లో మరణించెను. తన వృద్ధాప్యమున పరదేశములలో కచేరీలు చేసి మెప్పు చూచుటకైన నోచుకొనెను, అదియే పదివేలు. మన యింటి వస్తువును సీమవాడు మెచ్చిన తరువాతగాని మనము చేతితో ముట్టమన్న అలవాటు ఎప్పటికి పోవునో తెలియదు.

కనుక యంత్రమన్నంతనే మాకు ద్వేషము లేదు. గ్రామఫోను కంపెనీవారు 1902లో కలకత్తాకు వచ్చి గొట్టములో పాడించినప్పుడు, పాట గొట్టములో పడినచో గొంతు పోవునని భయపడినవారు ఆనాడును గలరు. గొంతు పోలేదు. భద్రాద్రి రామదాసు చెరసాలలో విలపించి పాడెనని మనము చెప్పుకొను కీర్తనలు బాలమురళీకృష్ణగారి గానముచే రికార్డులకెక్కి, ఆకాశవాణి నెక్కి, తంబుర యెట్లుండునో యెరుగని యిండ్లలో కూడ తెల్లవారుజామున వినబడినవి. దానివలన రామదాసునకు గాని రామునకు గాని లోపము కలుగలేదు. అయితే ఒక భేదము గుర్తింపవలెను. ఆ రికార్డుపై రామదాసు పేరున్నది, పాడినవారి పేరున్నది, భద్రాచలము పేరున్నది. ఆ కీర్తనను రెండు మాటల మేరకు కత్తిరించి, ఎవరిదో తెలియకుండ చేసి, నాట్యశాలలో తిప్పినవారు లేరు.

ఆ భద్రాచలముననే మరియొక సంగతి. స్థలపురాణము ప్రకారము పుట్టలోని రాముని విగ్రహములను మొదట కనుగొని, తాటాకు పందిరి వేసి, పండ్లు నివేదించినది పోకల దమ్మక్క యను అడవిబిడ్డ. తహసీలుదారైన గోపన్న తరువాత వచ్చినవాడు. గోపురము కట్టినవాని పాట మనకు కంఠస్థము. పందిరి వేసినదాని జాతి పాట ఒక్కటియు మనకు రాదు. ఈ వాక్యము వ్రాయుచున్న మాకును రాదని ఒప్పుకొనుచున్నాము.

ఆ జాతికి పాట లేక కాదు. కోయలలో డోలీలు అనువారు పాటయే వృత్తిగా గలవారు. పడిగె యను బొమ్మల గుడ్డను విప్పి, ఆయా వంశముల పుట్టుకను, వేల్పుల వృత్తాంతమును, పూర్వుల పోరాటములను డోలుతోను కంచుతాళముతోను గానము చేయుదురు. ఏ గట్టువారు ఎవరు, ఎవరితో వియ్యమందవచ్చును, ఎవరితో అందరాదు, ఏ వేల్పు ఏ కొండనుండి ఏ వాగు దాటి వచ్చెను – ఇదంతయు ఆ పాటలో నున్నది. మనకు కరణము లెక్కలు, పట్టాదారు పాసుపుస్తకము, దేవస్థానపు శాసనము ఏమి చేయుచున్నవో, వారికి డోలీ గొంతు ఆ పని చేయుచున్నది. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు కోయ డోలీల కథలను సేకరించుటకు శ్రమించినారు. అంతకు పూర్వము 1940 ప్రాంతమున హైమెండార్ఫ్ పండితుడు ఈ గోదావరి కొండలలో తిరిగి, కొండరెడ్లను గూర్చి 1945లో లండనున పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆయన తీసిన చిత్రములును ఆ నగరముననే భద్రముగా నున్నవి. మన పొరుగూరివారి ముఖములు చూచుటకు మనము సముద్రము దాటవలసి యుండుట మనకు గౌరవము కాదు.

మణుగూరు మండలములోని కూనవరము గ్రామమున – శబరి గోదావరిలో కలియుచోట నున్న కూనవరము కాదు, ఇది వేరు – సకిని రామచంద్రయ్య అను డోలీ గాయకుడుండెను. కంచుమేళము, కంచుతాళము ఆయన విద్య. మేడారము జాతరకు మూలమైన సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను కోయభాషలోను తెలుగులోను ఆయన పాడుచుండెను. పలక పట్టిన చదువు లేదు, పుస్తకమంతయు కంఠముననే. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చెను. 2024 జూన్ నెలలో ఆయన కాలధర్మము నొందెను. బిరుదము వచ్చిన రెండు సంవత్సరముల మూడు నాలుగు మాసములలో, ఖమ్మము, కొత్తగూడెము పట్టణములలోని మన సభలెన్ని, సప్తాహములెన్ని, కళాశాలల వార్షికోత్సవములెన్ని! వాటిలో ఎన్నింటికి ఆయనను పిలిచి, అరగంట కాదు, ఒక రాత్రి యంతయు కూర్చుండి కథ మొదలునుండి తుదివరకు వింటిమో ఎవరికి వారే లెక్క చూచుకొనవచ్చును.

డోలు దెబ్బ యంత్రములో పడినప్పుడు ఏమగునో కొంచెము వివరింపవలెను. ఈ విషయమున పొగడువారికి గాని తెగడువారికి గాని సరియైన తలపు ఉన్నట్లు లేదు. రికార్డు కూర్చువాడు పూర్తి పాటను తీసికొనడు. రెండు మూడు సెకండ్ల తునకను కత్తిరించును; దానిని శాంపిల్ అందురు. ఆ తునకను యంత్రము తన గడులలో కూర్చుండబెట్టి, ముందు వెనుకలు లేకుండ సరిదిద్ది, ఎన్ని మారులైనను తిప్పును. అయితే డోలీ చేతిలో తాళము గడియారపు ముల్లు కాదు. గాయకుని ఊపిరిని బట్టి సాగును, ఆగును. వేల్పు వచ్చు ఘట్టమున పరుగెత్తును. చావును చెప్పునప్పుడు తగ్గును. ఆ యెగుడుదిగుడులలోనే అర్థ మున్నది. వాటిని చదును చేసినచో చప్పుడు మిగులును, మాట పోవును. చదును చేయరాదని మేము శాసించుట లేదు. లారీ హెర్డు వంటి తెలివిగలవాడు చదునైన తాళముపైనే మనసు కరగించెను. కాని చదును చేయుటకు ముందు ఎత్తుపల్లములు చూచినవాడు చేయు పని వేరు, చూడనివాడు చేయు పని వేరు. దుక్కి దున్నువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

చూడక చేసినచో ఏమి జరుగునో లోకమునకు ఒక పాఠ మున్నది. పసిఫికు సముద్రములోని సాలొమన్ దీవులలో 1970 ప్రాంతమున హ్యూగో జెంప్ అను పండితుడు అఫునక్వా అను స్త్రీ పాడిన జోలపాటను రికార్డు చేసెను. యునెస్కోవారి సంపుటములలో 1973లో అది వెలువడెను. 1992లో ‘డీప్ ఫారెస్ట్’ అను ఫ్రెంచి బృందము – పేరులోనే అడవి యున్నది – ఆ గొంతును తీసి, నాట్యతాళము మీద పెట్టి అమ్మెను. లక్షల ప్రతులు పోయినవి. తాను అనుమతి యీయలేదని జెంప్ పండితుడు తరువాత వ్రాసెను. వింతయేమనగా, ఆ సంపుటము ఆఫ్రికా అడవులలోని పిగ్మీల పేరుతో ప్రచారము పొందుటచే, పాట కూడ వారిదే యని జనము నమ్మిరి. 1996లో మరియొక గొప్ప వాద్యగాడు ఆ బాణీనే పిగ్మీల జోలగా వాయించెను. సాలొమన్ దీవులకును ఆఫ్రికాకును నడుమ సముద్రములున్నవి. ఇంతకును ఆ పాట యేమి? తండ్రి చనిపోయిన పసిబిడ్డను తోడబుట్టినవారు ఓదార్చు పాట. దానికి నగరములు రాత్రులు చిందులు త్రొక్కినవి. త్రొక్కినవారిలో దుర్మార్గు లెవ్వరును లేరు. వారికి చెప్పినవారు లేరు, అంతే.

రేపు మన యువకుడొకడు మేడారములోనో, విత్తనములకు ముందు జరుగు విజ్జపండుములోనో జేబులోని ఫోనుతో పది నిమిషములు పట్టుకొని వచ్చి, అందులో నాలుగు దెబ్బలు ఏరి, ‘ఆదివాసి’ యని పేరుపెట్టి లోకమునకు వదలినచో, అది ఏ పాటయో – వేల్పును పిలుచునదో, పోయినవానిని సాగనంపునదో – అతనికి తెలియునా? ఏ గ్రామమో వ్రాయునా? సాలొమన్ దీవి ఆఫ్రికా యైనట్లు మణుగూరు బస్తరు కాకుండునా?

చట్టమేమి చెప్పుచున్నదందురా, సగము చెప్పి ఊరకున్నది. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణవలన పాడినవానికి, వాయించినవానికి ప్రదర్శకుని హక్కు సరియైన రూపమున వచ్చెను. తరువాత అది 50 సంవత్సరముల హక్కైనది. 2012 సవరణ వ్యాపారమునకు వాడినప్పుడు రాయల్టీలో కూడ అతనికి పాలు కలదనెను. కనుక డోలీని కూర్చుండబెట్టి రికార్డు చేసి అమ్మువాడు అతని సమ్మతి పొందవలెను, పాలు పంచవలెను. ఇది దయ కాదు, చట్టము. కాని తరతరములుగా వచ్చిన బాణీకి, కథకు కర్త యెవరు? కర్త పేరు లేనిదానికి ఆ చట్టములో గట్టి ఆశ్రయము లేదు. ఎవడైన వచ్చి ఆ బాణీని తాను మరల వాయించి, దానికి తన కూర్పు జోడించినచో, ఆ కూర్పు వాని సొత్తగును. ఇచ్చిన జాతికి ఏమియు లేదు.

ఇచ్చట మా పాఠకులలోని భూస్వాములకు సుపరిచితమైన యొక సంగతి జ్ఞాపకము చేయవలసి యున్నది. షెడ్యూలు ప్రాంతములలో భూమి బదలాయింపును గూర్చి 1959 నాటి నిబంధన యున్నది. 1970 నాటి 1వ నిబంధన దానిని బిగించినది. ఏజెన్సీలోని భూమిని గిరిజనేతరుడు కొనరాదు, గిరిజనేతరుడే గిరిజనేతరునకు అమ్మినను చెల్లదు. దీనిని కోర్టుల కీడ్చినవారున్నారు. 1988లో సుప్రీము కోర్టు సమర్థించినది. ఆ నిబంధన మన జిల్లాలో ఎంత నిలిచినదో, ఎన్ని బినామీ కాగితముల క్రింద నలిగినదో మనకు తెలియనిది కాదు. దానిని నేడు తవ్వము. కాని భూమికి కాగితము మీదనైన కంచె యున్నది. పాటకు అదియు లేదు. ఎకరము పోయినప్పుడు కోయవాడు భద్రాచలములోని అధికారి యొద్దకు పోయి మొర పెట్టుకొనుటకు చోటున్నది. పాట పోయినప్పుడు పోయినట్లు కూడ అతనికి తెలియదు. ఏలయన అది అతని నోటిలోను మిగిలియే యుండును.

పేరు వచ్చిన మాత్రమున కడుపు నిండునా యన్నచో, కిన్నెర మొగులయ్యగారి చరిత్ర చూడవలెను. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటకు ఆయన గొంతు మొదలుపెట్టినది. ఆ పాట తెలుగునాట మారుమ్రోగినది. మరుసటి యేడు రామచంద్రయ్యగారితో పాటు ఆయనకును పద్మశ్రీ వచ్చెను. సినిమావారు ఆయన పేరు దాచలేదు, అది మెచ్చదగినది. అయినను 2024లో ఆ పద్మశ్రీ గ్రహీత కూలిపనికి పోవుచున్న వార్తయు, చిత్రమును పత్రికలలో వచ్చినవి. కిన్నెర ఒక పాట మొదట కొన్ని క్షణములు పలికినంత మాత్రమున కిన్నెరవానికి ఏడాది పొడుగునా తిండి రాదు. ఒక్కనాటి బత్తెము వేరు, నిలుకడయైన పాలు వేరు. పంట కౌలు తెలిసినవారికి ఈ భేదము తెలియును.

యువకులు ఒక మాట అనవచ్చును, న్యాయమైనదే. మా రికార్డులు ఎవరు కొనుచున్నారు? ఫోనులో వినువారివలన మాకే కాసులు రాలవు; పంచుటకు ఏమున్నది? దానికి మా ప్రత్యుత్తరము: పైకము లేనప్పుడు పంచవలసినది పేరు. పైకము వచ్చినప్పుడు ఎంత పంచవలెనో ముందే కాగితము మీద వ్రాసికొనవలెను – వాయించినవానికి తెలిసిన భాషలో చదివి వినిపించి, అతని ఊరి పెద్దల యెదుట. కత్తిరించిన తునకతో పాటు, కత్తిరింపని పాట యంతయు రికార్డు చేసి ఒక ప్రతిని ఆ ఊరికి, ఒక ప్రతిని భద్రాచలములోని ఐటీడీఏ కార్యాలయమునకు ఈయవలెను. ఏ పాటకు చిందు వేయవచ్చును, ఏ పాటకు వేయరాదు అని ముందు అడుగవలెను, వద్దన్నదానిని వదలవలెను. దీనికి ఖర్చేమియు లేదు, రెండు దినములు ఊరిలో పండుకొను ఓపిక తప్ప.

మరికొందరు, కోయ పిల్లలే డీజేకు గంతులు వేయుచుండగా మీరు వారిని డోలుకు కట్టివేయ జూచుచున్నారా యని యెత్తిపొడువవచ్చును. కట్టివేయుటకు మే మెవరము? కోయ పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండి తన తాత డోలును తానే యంత్రమున కెక్కించినచో, మేమిన్ని కాగితములు వ్రాయనక్కరయే లేదు. ఏది కత్తిరింపవలెనో, ఏది కత్తిరింపరాదో అతనికి తాతయే చెప్పును. చికాగోలో జరిగినది అదియే గదా! అట్టి పిల్లవానికి కావలసినది ఉపదేశము కాదు, ఒక కంప్యూటరు, రెండు మంచి మైకులు, గాలి మోత లేని ఒక గది. మన పట్టణములలోని ధనవంతులు ఒక్క రాత్రి బరాతులో డీజే పెట్టెలకును వాటి జనరేటరుకును పోయుచున్న ధనముతో అవి సమకూరును. మా పాఠకులలో కుమారుని పెండ్లి తలపెట్టినవారు ఈ లెక్క ఒకమారు వేసి చూతురు గాక.

ఆలస్యమునకు వేళ లేదు. పోలవరము ప్రాజెక్టు నిమిత్తము 2014లో మన జిల్లానుండి ఆంధ్రప్రదేశమునకు పోయిన మండలములలో కూనవరము, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు మొదలగు చోట్ల ఊళ్ళు మునుగు లెక్కలో నున్నవి. డోలీ పాటలో వేల్పు ఏ రేవున దిగెనో, ఏ మర్రి క్రింద నిలిచెనో ఊరిపేరుతో వచ్చును. ఊరు కదలిన తరువాత పాట పాడువానికి చూపుటకు మర్రి యుండదు. వినువానికి నమ్ముటకు రేవుండదు. 2022 జూలైలో భద్రాచలము కడ గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ గట్టున ఆ గట్టున ఊళ్ళు ఖాళీ చేసినవారికి నీరు ఏమేమి తీసికొని పోగలదో తెలియును. పడిగె గుడ్డ తడిసినచో ఆరవేయవచ్చును. చదువగలవాడు లేనిచో అది బొమ్మల గుడ్డ మాత్రమే.

ఖమ్మములోనో, కొత్తగూడెములోనో ఒక కొత్త కుర్రవాడు డోలును చేర్చి డీప్ హౌస్ రికార్డు వెలువరించిననాడు ఈ పుటలో దానిని గూర్చి తప్పక వ్రాయుదుము. అందులో మొదట డోలు వాయించినవారి పేరును, ఊరి పేరును, తరువాత కూర్చినవాని పేరును అచ్చువేయుదుము. రికార్డుతో పాటు ఆ రెండు పేర్లు పంపకున్నచో, పంపువరకు వేచియుందుము.